సెకనుకు కోటిన్నర చీటీలు

డెబ్బయి అయిదు సెంట్ల తేడా కోసం ఎవరైనా ఏడాదిపాటు నిద్ర పాడుచేసుకుంటారా? చేసుకున్న మనిషి ఒకడున్నాడు. ఆయన పేరు క్లిఫర్డ్ స్టోల్. చదువుకు ఖగోళ శాస్త్రజ్ఞుడు. అమెరికాలో బర్క్లీ పట్టణానికి పైన, కొండమీద వున్న లారెన్స్ ప్రయోగశాలలో 1986 లో కంప్యూటర్లు చూసే పనిలోకి మారాడు. ఆ రోజుల్లో కంప్యూటరు వాడుకున్న ప్రతివారూ వాడిన కాలానికి డబ్బు కట్టవలసి వుండేది. ఆ సంవత్సరం ఆగస్టులో లెక్క చూస్తే డెబ్బయి అయిదు సెంట్లు తేడా వచ్చింది. "పోనిద్దూ" అనుకోకుండా స్టోల్ ఆ తేడా వెంట పడ్డాడు. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు కొన్ని సెకన్లపాటు కంప్యూటరు వాడుకుని, డబ్బు కట్టకుండా జారుకున్నాడని తేలింది.

దొంగ టెలిఫోను తీగెమీద వస్తున్నాడు. ప్రయోగశాలకు బయటినుంచి వచ్చే లైన్లు యాభై దాకా వున్నవి. ఏ లైనులో వస్తాడో తెలియదు. ఒక శుక్రవారం సాయంత్రం అందరూ ఇళ్లకు వెళ్లాక స్టోల్ గదిగదికీ తిరిగి, తోటివాళ్ల బల్లలమీది టెలిప్రింటర్లూ టెర్మినళ్లూ పోగుచేసి, లైనుకొకటి చొప్పున తగిలించి, వాటి మధ్య నేలమీదనే పడుకున్నాడు. దొంగ రానే వచ్చాడు. వాడు కొట్టిన ప్రతి అక్షరం ఒక యంత్రంలో పొడుగాటి కాగితంమీద అచ్చయి వుంది. ఆ కాగితం కొస పట్టుకుని పోగా పోగా, చివరకు సముద్రానికి ఆవల పశ్చిమ జర్మనీలో హానోవర్ నగరంలో దొంగ దొరికాడు. అమెరికా సైనిక కంప్యూటర్లలోని సంగతులు ఏరి, సోవియట్ గూఢచారి సంస్థ కె.జి.బి. కి అమ్మే ముఠాలో వాడొకడు. ఈ కథను స్టోల్ 1989 లో పుస్తకంగా రాస్తే డిటెక్టివు నవలలాగా అమ్ముడుపోయింది.

డిటెక్టివు కథ సంగతి అల్లా వుంచి, స్టోల్ పన్నిన ఉపాయాన్ని కాస్త గమనించండి. తీగెలో పోయే మాటకు అడ్డం రాలేదు. దానికి నకలు మాత్రం తీసుకున్నాడు. ఒక్కడే యాభై లైన్లు చూడలేడు గనుక లైనుకొక కాపలా పెట్టాడు. పోగయిన కాగితాలన్నీ తర్వాత ఒకచోట చేర్చి చదివాడు. కంప్యూటర్ల మధ్య జరిగే రాకపోకలను కనిపెట్టడానికి ఈనాటి ఇంజనీర్లు చేస్తున్న పని కూడా ఇదే. తేడా అల్లా వేగంలోనే. ఆ తేడా ఎంతో తెలిస్తే కళ్లు తిరుగుతవి.

రెప్పపాటులో ముప్ఫయి లక్షలు

స్టోల్ దొంగ వచ్చిన తీగెమీద సెకనుకు నూరూ, నూటయిరవై అక్షరాలు పోయేవి. టెలిప్రింటరు టకటకా కొట్టుకుంటూ దాన్ని అందుకోగలిగేది. ఈనాడు పెద్ద సంస్థల మధ్య వుండే గాజుతీగెమీద సెకనుకు వెయ్యి కోట్ల బిట్లు పోతవి. దీన్నే పది గిగాబిట్ల లైను అంటారు. ఇదీ ఇప్పుడు పాతబడింది. నూరు గిగాబిట్ల లైన్లు వచ్చి చాలాకాలమయింది.

ఈ బిట్లు ఏకధాటిగా పోవు. చిన్న చిన్న చీటీలుగా విడిపోయి పోతవి. మీరొక పెద్ద ఉత్తరం రాసి, దాన్ని వంద ముక్కలు చేసి, ప్రతి ముక్కమీదా "ఫలానావారినుంచి ఫలానావారికి, ఇన్నో ముక్క" అని రాసి, విడివిడిగా పోస్టు చేశారనుకోండి. అవతలివాడు ముక్కలన్నీ వరసలో పేర్చుకుని ఉత్తరం చదువుకుంటాడు. ఈ చీటీకే పాకెట్టు అని పేరు. మీరు చూసే బొమ్మ, వినే పాట, బ్యాంకుకు పంపే సొమ్ము, అన్నీ ఇల్లా చీటీలుగా విడిపోయి పోయేవే.

అన్నిటికన్న చిన్న చీటీ 64 బైట్లు. చీటీకి ముందు వుండే సంకేతమూ, చీటీకీ చీటీకీ మధ్య వుండవలసిన ఎడమూ కలిపి మరో 20 బైట్లు. మొత్తం 84 బైట్లు, అంటే 672 బిట్లు. వెయ్యి కోట్లను 672 చేత భాగించి చూడండి. సెకనుకు 1,48,80,952 చీటీలు! కనురెప్ప వెయ్యడానికి సెకనులో అయిదోవంతు పడుతుందనుకుంటే, ఒక్క రెప్పపాటులో ముప్ఫయి లక్షల చీటీలు దాటిపోతవి.

దీన్నే మరోవిధంగా చెప్పవచ్చు. ఒక చీటీ తర్వాత రెండోది 67.2 నానోసెకన్లకు వచ్చిపడుతుంది. సెకనును వందకోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోసెకను. ప్రపంచంలో అన్నిటికన్న వేగంగా పోయే వెలుతురు గూడా ఆ 67 నానోసెకన్లలో ఇరవై మీటర్లే పోగలదు. వీధి అవతల ఇంటి దీపం వెలుతురు మన గుమ్మం చేరేలోగా ఒక చీటీ చదవడం, దాని మంచిచెడ్డలు నిర్ణయించడం, రెండోదానికి చెయ్యి చాపడం జరిగిపోవాలన్నమాట! నూరు గిగాబిట్ల లైనయితే ఆ గడువు 6.72 నానోసెకన్లు. అంటే వెలుతురు ఆరున్నర అడుగులు నడిచే లోపల.

కంప్యూటరు వేగం కంప్యూటరుకుంది గదా అంటారేమో. సెకనుకు మూడువందల కోట్ల అడుగులు వేసే కంప్యూటరు మెదడు, 67 నానోసెకన్లలో రెండువందల అడుగులు వెయ్యగలదు. ఫరవాలేదనిపిస్తుంది. కాని తన జ్ఞాపకంలో దూరంగా దాచుకున్న ఒక్క సంగతిని ఒక్కసారి బయటికి తీయాలంటే దానికి ఎనభయ్యో నూరో నానోసెకన్లు పడుతవి. "ఈ చీటీ పంపినవాణ్ణి ఇదివరకు చూశామా?" అని ఒక్కమారు తలచుకునేలోపల ఒకటో రెండో చీటీలు చేయిదాటి పోతవి. వీథి నాటకంలో ఒక మాట వినబడకపోతే పక్కవాణ్ణి అడగవచ్చు. తీగెలో పోయిన చీటీ పోయినదే. కావలివాడు చూడలేదని అది తిరిగి రాదు.

నిజానికి అన్ని చీటీలూ ఇంత చిన్నవి కావు. నిండు చీటీలయితే పది గిగాబిట్ల లైనుమీద సెకనుకు ఎనిమిది లక్షల పైచిలుకు మాత్రమే వస్తవి. అయితే, చిన్న చీటీలు కుప్పలు తెప్పలుగా పంపితే కావలివాడు ఉక్కిరిబిక్కిరవుతాడని దొంగకు తెలుసు. అందుచేత కావలి ఏర్పాటు చేసేవాడు మంచిరోజును చూసి కాదు, చెడ్డరోజును చూసి లెక్క వేసుకోవాలి.

ఒక్కొక్కరే కాదు, పడవ నిండాక

మొదటి చిక్కు చీటీని లోపలికి తెచ్చుకోవడంలోనే వుంది. మామూలు పద్ధతిలో చీటీ వచ్చినప్పుడల్లా కంప్యూటరు చేస్తున్న పని ఆపి, దానికొక చోటు వెతికి, అక్కడినుంచి మరో చోటికి నకలు తీసి, అప్పుడు కావలి ప్రోగ్రాముకు అందిస్తుంది. గోదావరి రేవులో పడవవాడు ఒక్కొక్క మనిషినే ఎక్కించుకుని దాటించి, తిరిగి వచ్చి రెండోవాణ్ణి ఎక్కించుకున్నట్టుంటుంది ఈ వ్యవహారం.

ఇటలీలో పీసా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు లూయిజి రిజ్జో 2012 లో దీనికి విరుగుడు చూపించాడు. ఆయన ప్రోగ్రాము పేరు నెట్‌మ్యాప్. చీటీలకు చోటు ముందే ఏర్పాటు చేసి వుంచడం, ఆ చోటును కావలి ప్రోగ్రాము నేరుగా చూడనివ్వడం, ఒక్కసారి పిలిస్తే గుంపుకు గుంపు చీటీలు అందించడం, ఇంతే కిటుకు. పడవ నిండాక దాటించడమన్నమాట. మెదడును సెకనుకు తొంభై కోట్ల అడుగులకు తగ్గించి, ఒకే ఒక మెదడుతో పది గిగాబిట్ల లైను నిండా, అంటే పైన చెప్పిన కోటీ నలభయ్యెనిమిది లక్షల చీటీలనూ ఆడించి చూపించాడు. ఇంటెల్ కంపెనీ మొదలుపెట్టిన డి.పి.డి.కె. అనే పనిముట్టు గూడా ఈ బాటదే.

కాని చీటీ అందుకోవడం వేరు, చదివి అర్థం చేసుకోవడం వేరు. అందుకోవడం ఒక్కడి వల్ల అయినా, చదవడం ఒక్కడి వల్ల కాదు. 2005 ప్రాంతాలనుంచి కంప్యూటరు మెదడు వేగం పెరగడం దాదాపు ఆగిపోయింది. ఇంకా వేగం పెంచితే వేడెక్కి మాడిపోతుంది. అందుచేత తయారుచేసేవాళ్లు ఒక మెదడును వేగంగా పరుగెత్తించే బదులు, ఒకే బిళ్లమీద నాలుగు, ఎనిమిది, పదహారు మెదళ్లు పెట్టడం మొదలుపెట్టారు. ఇక పని పంచుకోవడమే దారి.

బర్క్లీ కావలివాడు

మళ్లీ ఆ కొండమీది ప్రయోగశాలకే వద్దాం. స్టోల్ దొంగ వెంట పడిన తొమ్మిదేళ్లకు, 1995 లో, అక్కడే పనిచేస్తూన్న వెర్న్ పాక్సన్ ఒక కావలి ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టాడు. దానికి 'బ్రో' అని పేరు పెట్టాడు. 1998 లో ఆ సంగతులు ప్రకటించాడు. అప్పుడు ప్రయోగశాల లైను వేగం సెకనుకు పది కోట్ల బిట్లు.

పాక్సన్ పెట్టుకున్న నియమాలు ఇప్పటికీ చదవదగినవి. ఒక్క చీటీ గూడా చేజారకూడదు. దొంగతనం జరుగుతూ వుండగానే చెప్పాలి. రేపటి దొంగ ఇవాళటి దొంగలాగా వుండడు గనుక కొత్త జాగ్రత్తలు చేర్చుకోవడానికి వీలుండాలి. అన్నిటికన్న ముఖ్యం, కావలివాడిమీదనే దొంగ దెబ్బ తీస్తాడని ముందే అనుకుని వుండాలి.

బ్రో పని మూడు మెట్లలో సాగుతుంది. కింది మెట్టులో చీటీల వడపోత. మధ్య మెట్టులో చీటీలు పేర్చి, "ఫలానా కంప్యూటరు ఫలానాదాన్ని పిలిచింది, తలుపు తియ్యలేదు" అనే విధమైన సంగతులుగా మార్చడం. పై మెట్టులో ఆ సంగతులు విని "ఇది అనుమానించదగినదా, కాదా?" అని తేల్చడం. జల్లెడ మీద జల్లెడ పట్టినట్టు, పైకి వెళ్లేకొద్దీ చూడవలసిన సరుకు తగ్గుతుంది, ఆలోచించడానికి వ్యవధి పెరుగుతుంది. ఆగని ప్రవాహాన్ని ఆపకుండానే ఇల్లా మెట్టుమెట్టుగా మలచుకునే పద్ధతినే ప్రవాహ ప్రక్రియ అనవచ్చు.

పదేళ్లు తిరక్కుండా లైను వేగం నూరురెట్లయింది. ఒక్క బ్రో చాలలేదు. 2007 లో ఆ బృందం చాలా మామూలు కంప్యూటర్లను వరసగా పెట్టి, అన్నీ కలిసి ఒకే కావలివాడుగా పనిచేసే ఏర్పాటు ప్రకటించింది. 2015 నాటికి అదే పద్ధతిమీద నూరు గిగాబిట్ల లైనుకు గూడా కాపలా పెట్టారు.

పంపకంలో పేచీ

పదిమంది పనివాళ్లున్నారు గదా, వచ్చిన చీటీలు వరసగా ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పంచితే సరిపోదా? సరిపోదు. దొంగ "దొంగ" అనే మాటను "దొం" ఒక చీటీలోనూ, "గ" మరో చీటీలోనూ పెట్టి పంపుతాడు. మొదటిది రామయ్యకూ, రెండోది సోమయ్యకూ అందితే ఇద్దరికీ అర్థంకాదు. ఒక సంభాషణలోని చీటీలన్నీ ఒక్కడికే చేరాలి.

దీనికి ఉపాయం హాష్ అనే లెక్క. పంపినవారి చిరునామా, అందుకునేవారి చిరునామా, ఇద్దరి తలుపు నెంబర్లు, మాట్లాడే తీరు, ఈ అయిదూ కలిపి ఒక గుణకారం చేస్తే ఒక అంకె వస్తుంది. ఆ అంకెనుబట్టి చీటీ ఎవరికి పోవాలో తేలుతుంది. ఆ అయిదూ మారవు గనుక, ఒక సంభాషణలోని చీటీలన్నీ ఎప్పుడూ ఒకడి దగ్గరికే పోతవి. చీటీని లోపలికి తెచ్చే కార్డే ఈ లెక్క వేసి పంచిపెడుతుంది. ఇందులోనూ ఒక మెలిక వుంది. సీత రాముడికి రాసిన చీటీలో పంపినవారు సీత. రాముడు ఇచ్చిన జవాబులో పంపినవారు రాముడు. లెక్క జాగ్రత్తగా కట్టకపోతే ప్రశ్న ఒకడికీ, జవాబు మరొకడికీ పోతుంది! ఎటునుంచి చూసినా ఒకే అంకె వచ్చే లెక్క ఎంచుకోవాలి.

ఇంతటితో పేచీ తీరలేదు. ఒక దొంగ వెయ్యి ఇళ్ల తలుపులు ఒక్కొక్కసారి తట్టి పోయాడనుకోండి. పదిమంది కావలివాళ్లకూ తలా నూరు తట్లు వినబడతవి. కొంచెం తెలివైనవాడు రోజుకు పది తలుపులే తడితే ఒక్కొక్కరికి ఒక్క తట్టే వినబడుతుంది. ఒక్క తట్టుకు ఎవరూ లేచి కూచోరు. కావలివాళ్లు తమలో తాము మాట్లాడుకుంటేగాని సంగతి బయటపడదు. మరీ ఎక్కువ మాట్లాడుకుంటే మాటలతోనే పొద్దుపోతుంది. అందరూ ఒకే పద్దు పుస్తకంలో రాయాలంటే, ఒకడు రాస్తూ వుండగా తొమ్మిదిమంది కలాలు పట్టుకుని నిలబడాలి.

ఈ నిలబడడానికి అయ్యే ఖర్చును జీన్ ఆమ్డాల్ అనే ఇంజనీరు 1967 లోనే లెక్క కట్టాడు. పనిలో ఇరవయ్యోవంతు ఒకడే చేయవలసింది వుంటే, వెయ్యిమందిని పెట్టినా వేగం ఇరవై రెట్లు దాటదు. అందుచేత మంచి ఏర్పాటులో ఎవడి పద్దు వాడిదే. వాడికి కావలసినదంతా వాడి పక్కనే వుంటుంది. ఇతరులకు చెప్పవలసిన నాలుగు ముక్కలు మాత్రమే పైకి పంపుతాడు.

ఏనుగులూ, ఎలుకలూ

తీగెలో పోయే సంభాషణలలో ఎక్కువ భాగం చాలా చిన్నవి. కొన్ని మాత్రం బ్రహ్మాండమైనవి. ఇంజనీర్లు వీటిని ఎలుకలనీ, ఏనుగులనీ పిలుస్తారు. బర్క్లీ ప్రయోగశాలలాంటి చోట ఏనుగులకు కొదవలేదు. పరిశోధనల ఫలితాలు ఒక కంప్యూటరునుంచి మరో కంప్యూటరుకు గంటల తరబడి ప్రవహిస్తూ వుంటవి. ఏనుగును ముక్కలు చేసి పంచడానికి వీల్లేదు. అదంతా ఒకే సంభాషణ గదా! పదిమందిలో ఒకడిమీద ఏనుగెక్కి తొక్కుతూ వుంటే, మిగతా తొమ్మండుగురూ గోళ్లు గిల్లుకుంటూ వుంటారు. ఆ ఒక్కడి దగ్గర చీటీలు నేలపాలవుతవి. అందులో ఏ ఎలుకయినా దొంగదయితే అదీ పోయినట్టే.

దీనికి పరిష్కారం చాలా లౌక్యంగా వుంది. ఏ సంభాషణలోనయినా చెడ్డదనం సాధారణంగా మొదట్లోనే బయటపడుతుంది. తలుపు తట్టడం, పేరు చెప్పుకోవడం, ఏం కావాలో అడగడం, అన్నీ ఆరంభంలోనే. తర్వాత వచ్చేది సరుకు మాత్రమే. అందుచేత మొదటి కొన్ని వేల బైట్లూ శ్రద్ధగా చదివి, "ఇది మన ఏనుగే" అని తేలాక, "మిగతాది నాకు పంపకు" అని ముందున్న పంపకపు యంత్రంతో చెప్పేస్తారు. ఆఖరున వీడ్కోలు చీటీ మాత్రం చూస్తారు. చీటీలు భద్రపరచడానికి ఇదే సూత్రంమీద 2005 లో ఒక ఏర్పాటు చేసి చూస్తే, సంభాషణలలో చాలాభాగం పూర్తిగా దక్కినవి, దాచవలసిన సరుకు మాత్రం దాదాపు పదోవంతుకు పడిపోయింది. అన్నీ చూడాలనే పంతం విడిచినందువల్ల చూడవలసింది చూడగలిగారు.

తొమ్మిది సొరుగుల లెక్క

మరి అంత ప్రవాహంలో అందరికన్న ఎక్కువ చీటీలు పంపేది ఎవరో కనుక్కోవాలంటే? కోట్లమంది పేర్లు రాసుకోవడానికి దగ్గరలో చోటు లేదు. ఐ.ఐ.టి. కాన్పూరులో చదువుకుని, టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా పనిచేసిన జయదేవ మిశ్రా, డేవిడ్ గ్రీస్‌తో కలిసి 1982 లో దీనికొక చక్కని కిటుకు చెప్పాడు. దీన్ని మన ఇంట్లో పేకముక్కలతో గూడా ఆడి చూడవచ్చు.

తొమ్మిది సొరుగులు తీసుకోండి. చీటీ రాగానే పంపినవాడి పేరుతో సొరుగు వుంటే అందులో ఒక గవ్వ వెయ్యండి. లేకపోతే ఖాళీ సొరుగుమీద వాడి పేరు రాసి గవ్వ వెయ్యండి. ఖాళీ సొరుగే లేకపోతే, కొత్తవాణ్ణి వదిలేసి, తొమ్మిది సొరుగులనుంచీ ఒక్కొక్క గవ్వ తీసి పారెయ్యండి. గవ్వలు అయిపోయిన సొరుగు ఖాళీ అయినట్టు. ఇల్లా కోటి చీటీలు పోనివ్వండి. పదోవంతు కంటె ఎక్కువ పంపినవాడు ఎవడయినా వుంటే, వాడి పేరు ఆఖరున ఏదో ఒక సొరుగుమీద తప్పకుండా వుంటుంది!

ఎందుకు? గవ్వలు తీసిన ప్రతిసారీ పదిమంది వేరువేరు మనుష్యుల చీటీలు పది కొట్టివేసినట్టు. కోటి చీటీలలో ఇది పదిలక్షల మార్లకన్న ఎక్కువ జరగదు. పదిలక్షలకన్న ఎక్కువ పంపినవాడికి ఇంకా గవ్వలు మిగిలే వుంటవి. పదిమంది పనివాళ్లు విడివిడిగా సొరుగులు నడిపి, సాయంత్రం అన్నీ కలిపి, అదే పద్ధతిలో మళ్లీ తొమ్మిదికి కుదించినా ఈ హామీ చెడదు. పంచుకుని చేసే పనికి ఇంతకంటె అనుకూలమైన లెక్క ఏముంటుంది?

చూడదగినదీ, చూడరానిదీ

ఇంతసేపూ కావలివాడి పక్షానే మాట్లాడుకున్నాం. తీగెలో పోయే మాట మనది గూడా గదా! దొంగను కనిపెట్టే కన్నే మన ఉత్తరమూ చదవగలదు. ఈ భయం పాక్సన్‌కు మొదటే కలిగింది. జార్జి ఆర్వెల్ 1949 లో ప్రకటించిన నవలలో ప్రజల ప్రతి కదలికనూ కనిపెట్టే 'బిగ్ బ్రదర్' వున్నాడు. ఆ పేరునుంచే 'బ్రో' అనే మాట తీసి తన ప్రోగ్రాముకు పెట్టాడు. ఇలాంటి పనిముట్టు చేతిలో వున్నవాడు హద్దు మరిచిపోకూడదని అదొక హెచ్చరిక. కాలక్రమాన అమెరికా వాడుకభాషలో ఆ మాటకు పోకిరి కుర్రవాళ్లనే అర్థం బలపడడంవల్ల 2018 లో పేరు 'జీక్' అని మార్చారు. పేరు మారినా హెచ్చరిక మారలేదు.

ఈనాడు ఇంటర్నెట్‌లో పోయే ఉత్తరాలలో చాలాభాగం రహస్యలిపిలో వుంటున్నవి. కావలివాడికి కవరు మీది సంగతులే కనబడతవి. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు, ఎంత బరువు. లోపలి మాట కనబడదు. కావలి పని కష్టమయిందని ఇంజనీర్లు గొణిగినా, మనబోటివాళ్లకు ఇది మంచిదే. అయినా కవరుమీది సంగతులతోనే ఎంతో ఊహించవచ్చు. అర్ధరాత్రి ఒక ఇంటినుంచి డాక్టరుగారికి వరసగా నాలుగు ఉత్తరాలు పోతే, విప్పకుండానే లోపల ఏముందో పోస్టుమానుకు తెలియదూ?

సెకనుకు కోటిన్నర చీటీలు చూడగల యంత్రం మనిషి చేసుకున్నాడు. వెలుతురు ఇరవై మీటర్లు నడిచేలోపల మంచీ చెడ్డా తేల్చే నేర్పు దానికి నేర్పాడు. ఏ చీటీ చూడాలి, ఏది చూడకుండా పోనివ్వాలి, చూసినదాన్ని ఎన్నాళ్లు దాచాలి అన్న తీర్పు మాత్రం ఆ యంత్రానిది కాదు. ఆ తీర్పు చెప్పడానికి 67 నానోసెకన్ల గడువు లేదు. తీరుబడిగా కూచుని, నలుగురూ ఆలోచించి చెప్పవలసిన తీర్పు అది.